ముందు ఆదివారం బల్ల వేసి కూర్చో

మీ ఉత్తరం – నా జవాబు

ప్రశ్న: అమ్మా, మాది ఒంగోలు లాయరుపేట. ఎంబీఏ చేసి ఐదేళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేసి ఈ మధ్యే ఇంటికొచ్చాను. చీమకుర్తి వైపు వెళ్ళినప్పుడల్లా క్వారీల పక్కన టార్పాలిన్ పట్టాల కింద కాపురాలుండే ఒడిశా, బీహారు కూలీలను చూస్తున్నాను. వాళ్ళ కనీస అవసరాలు తీర్చే సోషల్ ఎంటర్‌ప్రైజ్ ఒకటి పెట్టాలని ఉంది. విరాళాల కోసం చేయి చాచకుండా తన కాళ్ళ మీద తాను నిలబడాలి. గది, భోజనం, వైద్యం, కాగితాల పని అన్నీ ఒకే యాప్‌లో దొరికేలా చేద్దామనుకున్నాం. నా దగ్గర 6 లక్షలున్నాయి. స్నేహితులిద్దరు తోడొస్తామన్నారు. సెక్షన్ 8 కంపెనీ పెట్టాలా, ట్రస్టా, సొసైటీయా? ఎక్కడ మొదలుపెట్టమంటారు? – ఆర్., ఒంగోలు

జవాబు: నాయనా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తన కాళ్ళ మీద నిలబడాలి అన్నావే, ఆ మాట నచ్చింది. విరాళం ఆగిన నెలలోనే పొయ్యి ఆరిపోయిన సంస్థలు నాకు తెలుసు. యాప్ సంగతి చివర్లో చెప్తాను.

నేను చదివింది పదో తరగతి. చీమకుర్తి నుంచి రామతీర్థం పోయే దారిలో 19 ఏళ్ళు మెస్ నడిపాను. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ తవ్వేది అక్కడే. ఆ రాయి కోసం వచ్చినవాళ్ళే నా మెస్సులో తినేవాళ్ళు. ఒడిశాలోని గంజాం నుంచి కుర్రాళ్ళు, బీహారు నుంచి అన్నదమ్ములు, రాజస్థాన్ నుంచి మిషన్ పనివాళ్ళు. అందరికీ నేను మౌసీనే, అంటే పిన్నినే. ఇప్పుడు అదే షెడ్డులో మేం ఏడుగురం సొసైటీగా ఏర్పడి కూలీల సహాయ గది నడుపుతున్నాం.

ఈ పని నాకు మొదట తగిలింది 2020లో. లాక్‌డౌన్ పెట్టిన తర్వాత మద్రాసు వైపు నుంచి జనం 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా ఉత్తరానికి నడిచారు. మేం పది మంది ఆడవాళ్ళం పులిహోర పొట్లాలు కట్టి రోడ్డు పక్కన నిలబడ్డాం. మే నెల ఎండ. ఒకాయన పొట్లం తీసుకోకుండా చేత్తో వద్దన్నాడు. పొద్దుట్నుంచి ఇది ఐదో పొట్లం మౌసీ, చెప్పులుంటే ఇవ్వు అన్నాడు. కిందికి చూస్తే కాళ్ళకి అట్టముక్కలు కట్టుకుని ఉన్నాడు. ఆ సాయంత్రమే చెప్పుల కొట్టాయన్ని బతిమాలి వెనక తలుపు తీయించి, ఉన్న హవాయి చెప్పులన్నీ తెచ్చాం. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఒక్క జత మిగల్లేదు. పులిహోర మాత్రం రెండు గంపలు మిగిలింది.

అందుకే నీకు మొదటి మాట ఇది. మూడు నెలలు ఏమీ పెట్టొద్దు. చీమకుర్తి సంత దగ్గర ఆదివారం ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కుండలో చల్లటి నీళ్ళు, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గుల పలక పెట్టుకుని కూర్చో. మిగతా రోజులు వాళ్ళు నీకు దొరకరు. పొద్దున ఆరింటికి క్వారీలోకి దిగితే చీకటి పడ్డాక పైకెక్కుతారు. ఆదివారం మధ్యాహ్నం స్నానం చేసి, తల దువ్వుకుని, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి బజారుకొస్తారు. అప్పుడు పలకరించు. ఒడియా రాకపోతే ఒక్క మాట నేర్చుకో: ఖాయిల కి? తిన్నావా అని. మన పల్లెల్లో పలకరింపు కూడా అదే కదా.

మన పక్క జిల్లాలో జరిగింది గుర్తు చేస్తాను. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్నారు. సారా వద్దనే పథకం ఎవరూ పట్టుకురాలేదు. పలక పట్టుకుని కూర్చున్నప్పుడు మొగుడి తాగుడు గురించి ఒకరితో ఒకరు చెప్పుకున్నారు, రోశమ్మ లాంటివాళ్ళు ముందుకొచ్చారు, 1992లో సారా బండ్లను ఊళ్ళోకి రానివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ రోజుల్లో నేను కూడా మా ఊరి రాత్రి బడికి వెళ్ళేదాన్ని. మనుషుల్ని తీరిగ్గా కూర్చోబెడితే వాళ్ళ నోటి నుంచి ఏం వస్తుందో అక్కడే చూశాను.

బల్ల దగ్గర ఒక నోటుబుక్కు పెట్టుకో. ప్రతి మనిషినీ ఒకటే అడుగు: ఈ వారం డబ్బు దేనికెంత అయింది? సొంత ఊళ్ళో ఉంటే పెట్టనవసరం లేని ఖర్చులన్నీ అందులో బయటపడతాయి. మా పుస్తకంలో ఉన్నవి చెప్తాను. ఇంటికి డబ్బు పంపే కొట్లో వందకి రెండు రూపాయలు కోత. కిలో లెక్కన దొంగచాటుగా నింపే చిన్న గ్యాసు బండ. ఆధార్ జిరాక్సు కోసం పనిలో సగం పూట. ఊరుగాని ఊళ్ళో చొక్కా కొనాలన్నా అడిగిందే ధర. తమ్ముడి ఫోన్ పోతే కొత్త సిమ్ము కోసం మూడు కొట్లు తిరిగి, చివరికి మేస్త్రీ పేరు మీద తీసుకోవడం.

ఈ పుస్తకం నిండాక రెండు గళ్ళు గీసుకో. ఒక గడిలో వాళ్ళకి హక్కుగా రావాల్సినవి. రెండో గడిలో వాళ్ళు ఇప్పటికే ఎక్కువ డబ్బు పోసి కొనుక్కుంటున్నవి. మొదటి గడిలో వాటికి ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు, టీ కూడా తాగొద్దు. రెండో గడిలో వాటిని న్యాయమైన ధరకి అమ్ము, ధైర్యంగా అమ్ము. నీ సంస్థ బతికేది ఆ రెండో గడి మీద, దానికి పేరొచ్చేది మొదటి గడి మీద. ఈ రెంటినీ కలిపేస్తే ఏమవుతుందో నా మెస్సు కథలో చెప్తా.

మొదటి గడి ముందు చూద్దాం. రేషన్. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' 2019 ఆగస్టులో మన రాష్ట్రం, తెలంగాణ మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య మొదలై, 2022 జూన్‌కి అస్సాం చేరడంతో దేశమంతటికీ వచ్చింది. ఒడిశా కార్డున్న మనిషి చీమకుర్తి చౌకధరల దుకాణంలో వేలిముద్ర వేసి తన బియ్యం తీసుకోవచ్చు. మనిషికి 5 కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితం. కార్డు కేంద్ర ఆహార భద్రతా చట్టం కిందదై ఉండాలి, ఆధార్ కలిపి ఉండాలి. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డయితే బయట రాష్ట్రంలో పనికిరాదు. మొదటిసారి నేను నలుగురిని తీసుకెళ్తే దుకాణం ఆయన మీ కార్డు ఇక్కడ చెల్లదమ్మా అన్నాడు. ఆయన తప్పు కూడా కాదు, ఎప్పుడూ ఎవరూ అడగలేదు. ఈ పథకం సహాయ నంబరు 14445కి అక్కడే నిలబడి ఫోన్ చేసి, ఆయనకే మాట్లాడమని ఇచ్చాను. మిషన్‌లో నంబరు కొట్టి చూశాడు, వచ్చింది. ఆ రోజు నలుగురూ బియ్యం సంచి భుజాన వేసుకుని నా వెనకే నడిచొస్తుంటే నాకు నా పెళ్ళి ఊరేగింపు కూడా అంత గొప్పగా అనిపించలేదు. మన దగ్గర ఇంటింటికీ రేషన్ తెచ్చే బండ్లు ఆపేశాక 2025 జూన్ నుంచి దుకాణాల్లోనే నెల మొదటి 15 రోజులు ఇస్తున్నారు. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. క్వారీ మనిషికి ఆ సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య గంటే గతి. అందుకని డీలరుతో మంచిగా ఉండు.

ఇ-శ్రమ్ కార్డు, అంటే అసంఘటిత కార్మికులకి కేంద్రం చేసే నమోదు. 2021 ఆగస్టు 26న మొదలైంది. 16 నుంచి 59 ఏళ్ళ లోపు అసంఘటిత కార్మికులందరికీ, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నవాళ్ళకి తప్ప. నమోదుకి రుసుము లేదు. ఎవరైనా యాభై, వంద అడిగితే ఇవ్వొద్దని చెప్పు. కట్టడం పనుల్లో ఉన్నవాళ్ళకి వేరే సంక్షేమ బోర్డుంది, కట్టడాల మీద వసూలు చేసే ఒక శాతం సెస్సు దానికే పోతుంది. ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసి, 18–60 మధ్య వయసుంటే చేరొచ్చు. క్వారీలో రాయి కొట్టేవాళ్ళు దీనికిందికి రారు, ఈ తేడా తెలియక మేం ఆరు నెలలు తిరిగాం.

కూలీ ఎగవేత, ప్రమాదం, చావు. వీటికి నువ్వు లాయరు అవ్వనక్కర్లేదు. 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ పలుకుతుంది. 1987 చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులకి, ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని పెడతారు. నీ పనల్లా రుజువు తయారుగా ఉంచడం. క్వారీల్లో వారం వారం ఖర్చీ అని కొంచెం చేతిలో పెడతారు, మిగతా కూలీ ఊరెళ్ళేటప్పుడు లెక్క చూస్తామంటారు. ఆ లెక్క ఉండేది మేస్త్రీ పుస్తకంలోనే. అందుకని మేం ప్రతివాడికీ చొక్కా జేబులో పట్టే ఎర్రట్ట పుస్తకం ఇచ్చాం. పని చేసిన రోజుకి ఒక గీత, ఖర్చీ తీసుకున్న రోజు అంకె. చదువు రానివాళ్ళు కూడా గీత గీస్తారు. లేబరాఫీసులో ఆ గీతల పుస్తకాన్ని చూసి అధికారి సరిగ్గా కూర్చున్న రోజు నాకు గుర్తుంది.

దుమ్ము సంగతి మర్చిపోవద్దు. రాయి కోసేటప్పుడు, డ్రిల్లు వేసేటప్పుడు లేచే సన్న పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్. మందు లేదు. పైగా అది ఉన్నవాళ్ళకి క్షయ తొందరగా పట్టుకుంటుంది. దగ్గు, ఆయాసం అని వెళ్తే క్షయ మందులిస్తారు, తగ్గదు, మళ్ళీ అవే. ఆసుపత్రికి నువ్వు తోడెళ్ళినప్పుడు చేయాల్సింది చిన్న పని: ఓపీ చీటీ మీద 'రాతి క్వారీలో ఇన్నేళ్ళు పని' అని డాక్టరు చేత రాయించు. ఆ ఒక్క వాక్యంతో ఎక్స్‌రే చూసే కన్ను మారుతుంది. రేపు పరిహారం అడగాలన్నా ఆ చీటీయే ఆధారం. డ్రిల్లు దగ్గర నీళ్ళు కొడితే దుమ్ము లేవదు. ఆ మాట యజమానికి చెప్పడానికి సిగ్గుపడొద్దు.

ఇక రెండో గడి. నీ సంస్థ నిలబడేది దీనిమీద కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

నేను మెస్ పెట్టిన మొదటి నెల గోంగూర పప్పు, పచ్చిపులుసు, వేరుశనగ నూనె. మనకి అమృతం. వాళ్ళు సగం వదిలేసి లేచేవాళ్ళు. ఒక కుర్రాడు నా పోపు గిన్నె తీసుకుని, ఆవనూనె మరిగించి, జీలకర్ర, మెంతులు, సోంపు, ఆవాలు, నల్లజీలకర్ర ఐదూ కలిపి పప్పులో వేసి చూపించాడు. ఆ వాసనకి బయట బీడీ కాలుస్తున్నవాళ్ళు కూడా లోపలికొచ్చారు. ఎండాకాలం రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున ఉల్లిపాయ, ఎండుమిరపకాయతో పెడితే ఒడియావాళ్ళకి పఖాళ. మన చద్దన్నమే. బీహారు వాళ్ళకి మాత్రం రాత్రి రొట్టె ఉండాల్సిందే. అప్పుడు నిలబడింది మెస్సు. నలభై మంది తింటే అద్దె, గ్యాసు, ఇద్దరు వంటమనుషుల జీతం వచ్చేది. ముప్పైకి పడితే నా చేతి నుంచి పోయేది. హోలీకీ, ఛఠ్‌కీ, దసరాకీ, ఒడియావాళ్ళ రజ పండక్కీ సగం మంది ఊళ్ళకి పోతారు. వానాకాలం క్వారీలో నీళ్ళు నిలిస్తే పనుండదు. ఏడాదికి పన్నెండు నెలలు రాబడి వేసుకుంటావేమో, తొమ్మిదే వేసుకో. ఒంగోలు టౌన్లో పెట్టేటట్టయితే భోజనం జోలికి పోవద్దు. అక్కడ అన్న క్యాంటీన్లో 5 రూపాయలకే ఉంది, మనవాళ్ళకి దారి చూపించు చాలు.

ఇప్పుడు నా తప్పు. ఒక ముఠా మేస్త్రీ వచ్చి, అక్కా నా మనుషులు 26 మంది, బిల్లు నెలకోసారి నేనే కడతా, వాళ్ళ కూలీలో పట్టుకుంటా అన్నాడు. రోజూ చిల్లర వసూలు చేసే బాధ తప్పుతుందని ఒప్పుకున్నా. మొదటి రెండు నెలలు సరిగ్గా కట్టాడు. నాలుగో నెల గంజాం కుర్రాడొకడు అమ్మకి బాగాలేదని ఊరెళ్తానన్నాడు. లెక్క చూశారు. వాడి పేర మెస్ ఖర్చు నా పుస్తకంలో ఉన్నదానికి దాదాపు రెండింతలు రాసి ఉంది. వచ్చేటప్పుడు తీసుకున్న అడ్వాన్సు ఇంకా తీరలేదు కాబట్టి కదలడానికి వీల్లేదన్నారు. ఆ కుర్రాడు రాత్రి పదింటికి నా షెడ్డుకొచ్చి, మౌసీ, నేను అంత తిన్నానా అని అడిగాడు.

ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది. నా అన్నం లెక్క చూపించి ఒక మనిషిని కట్టేశారు. మర్నాడు నా పుస్తకం పట్టుకుని క్వారీ దగ్గరికి వెళ్ళా. అందరి ముందూ వాడి పేజీ చదివా. మేస్త్రీ గొడవ పడ్డాడు, నా రెండు నెలల బిల్లు ఎగ్గొట్టాడు. ఆ డబ్బు ఈరోజుకీ రాలేదు. కుర్రాడు మాత్రం ఆ సాయంత్రం రైలెక్కాడు. అప్పు తీరేదాకా కదలొద్దనడం వెట్టి అని, 1976 చట్టం కింద అది నేరమని, అలాంటి అప్పే చెల్లదని, కలెక్టరుకో ఆర్డీవోకో చెప్పొచ్చని నాకు తర్వాత తెలిసింది. ఒడిశాలో దీన్ని దాదన్ అంటారు, ముందు అడ్వాన్సు, తర్వాత మనిషి.

ఆ రోజు నుంచి తిన్నవాడి చేతి నుంచే డబ్బు. ప్రతివాడికీ సొంత పుస్తకం, అప్పు 15 రోజులకి మించదు. నీకూ ఇదే చెప్తున్నా. నువ్వు ఏ సేవ అమ్మినా సరే, కంట్రాక్టరో యజమానో కూలీలో పట్టుకుని ఇచ్చే డబ్బు ముట్టుకోవద్దు. యజమాని మంచివాడైతే నీళ్ళ ట్యాంకరు పంపనీ, రేకులు ఇప్పించనీ. నీ గది తాళంచెవి, నీ పుస్తకాలు మాత్రం ఆయన చేతికి వెళ్ళకూడదు.

అమ్మదగినవి ఇంకేమున్నాయంటావా? తాళం వేసుకునే ఇనప అర. నెలకి కొద్ది మొత్తం. ఆధార్ అసలు కార్డులు మేస్త్రీ దగ్గర పెట్టే అలవాటు ఈ అరతోనే పోతుంది. 5 కిలోల గ్యాసు బండ. చిరునామా రుజువు లేకుండా గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, ఇండేన్‌లో దాన్ని ఛోటూ అంటారు. డీలరుతో మాట్లాడుకుని నీ గది దగ్గర అందుబాటులో ఉంచితే దొంగ ఫిల్లింగు మానేస్తారు. పోస్టాఫీసు బ్యాంకు ఏజెంటుని ఆదివారం నీ బల్ల దగ్గర కూర్చోబెట్టు. దోమతెరలు, ఆవనూనె, సత్తు పిండి టోకున తెచ్చి నాలుగు రూపాయల లాభానికి అమ్ము.

స్నానాల గది కూడా. ఇటుక బట్టీ దగ్గర కాపురాలున్న ఆడవాళ్ళని ఏం కావాలని అడిగితే మేం అనుకున్న చీరలు, దుప్పట్లు ఎవరూ అడగలేదు. లోపలి వైపు గడియ ఉన్న తలుపు అడిగారు. మూడు రేకులు, ఒక తలుపు, ఒక గడియ. దానికి మేం వాళ్ళ దగ్గర డబ్బు తీసుకోలేదు, నీ మనస్సాక్షి ఏం చెప్తే అది చెయ్యి.

హాస్టలు ఇప్పుడే వద్దు. కేరళలో కంజిక్కోడ్ దగ్గర వలస కూలీల కోసం 'అప్నా ఘర్' అని పెద్ద హాస్టలు కట్టారు. కానీ దాని వెనక ప్రభుత్వం ఉంది. నీ 6 లక్షలు అద్దె అడ్వాన్సులకే చాలవు. నీకు చూడదగ్గది ఉదయపూర్‌లో 2005లో మొదలైన ఆజీవికా బ్యూరో. గుర్తింపు కార్డు, కూలీ తగాదాలు, తర్వాత పొదుపు, ఆరోగ్యం, ఒకదాని తర్వాత ఒకటి. ఒకసారి వెళ్ళి చూసి రా, రైలు ఖర్చుకి వెనకాడకు.

రిజిస్ట్రేషన్ సంగతి క్లుప్తంగా. ఏడుగురుంటే 2001 ఆంధ్ర సొసైటీల చట్టం కింద సొసైటీ, తక్కువ ఖర్చు. సెక్షన్ 8 కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు చాలు, లాభం పంచుకోకూడదు, కార్పొరేట్లు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు అడగాలంటే దానికి కొంచెం మర్యాద ఎక్కువ. ఏదైనా సరే ఆదాయపు పన్ను మినహాయింపుల నమోదు (12ఏ, 80జీ అని పిలిచేవి), సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి సీఎస్ఆర్-1 నమోదు చేయించుకోవాలి. విదేశీ విరాళాల అనుమతికి మూడేళ్ళ పని, దాని మీద 15 లక్షల ఖర్చు చూపించాలి, ఇప్పుడు దాని గురించి ఆలోచించకు. 1995 పరస్పర సహాయ సహకార చట్టం కింద పది మందితో సంఘం పెట్టుకోవచ్చు, కూలీలే సభ్యులు. నాకు మనసులో ఇష్టమైనది అదే. కానీ ఏడాదికోసారి సభ్యులు మారిపోయే చోట మహాజన సభ ఎవరితో జరుపుతావు? వ్యాపార రాబడి ఎంత దాకా ఉండొచ్చో ఆడిటరుని ముందే అడుగు. కొన్ని రకాల ధర్మసంస్థలకి మొత్తం రాబడిలో 20 శాతం హద్దుంది. మా గదికి, మెస్సుకి వేరువేరు పుస్తకాలు, వేరువేరు బ్యాంకు ఖాతాలు.

నీ 6 లక్షల్లో 2 లక్షలు ముట్టుకోకుండా పక్కన పెట్టు. ఎందుకంటే ఒకనాటి రాత్రి ఫోన్ వస్తుంది, ఫలానావాడు పోయాడని. ఇక్కణ్ణుంచి గంజాం జిల్లా బరంపురం ఏడు వందల కిలోమీటర్ల పైమాట. పంచనామా, పోస్టుమార్టం, మరణ ధ్రువపత్రం, శవం పాడవకుండా మందు, పెట్టె, అంబులెన్సు. వాడి దగ్గర ఉన్నదీ, తోటివాళ్ళు చందా వేసిందీ కలిపినా సగం రాదు. రెండుసార్లు మెస్ సరుకు డబ్బులు అందులో పెట్టి, మర్నాడు అప్పు బియ్యంతో వండాను. పోస్టుమార్టం కాగితం, ఎఫ్ఐఆర్ నకలు తప్పకుండా అడిగి తీసుకో. పరిహారం కోసం ఆ ఇంటి ఆడమనిషికి అవే కావాలి.

పిల్లల్ని పక్క బడిలో చేర్చు. టీసీ లేదని, జనన ధ్రువపత్రం లేదని వద్దనడానికి 2009 విద్యా హక్కు చట్టం ఒప్పుకోదు. గర్భిణిని అంగన్‌వాడీకి తీసుకెళ్ళు, కార్డు ఏ రాష్ట్రందైనా.

యాప్ అడిగావు కదూ. మావాళ్ళందరి ఫోన్లలో వాట్సాప్ ఉంది, చదవడం రానివాళ్ళు గొంతు రికార్డు చేసి పంపుతారు. నీ నంబరొకటి గోడ మీద పెద్దగా రాయించు. యాప్‌కి పెట్టే డబ్బుతో ఒడియా, హిందీ రెండూ వచ్చిన కుర్రాణ్ణి, వాళ్ళలో ఒకణ్ణే, జీతానికి పెట్టుకో. ఎవరు దొరుకుతారా అనుకోకు. మూడు నెలలు బల్ల దగ్గర కూర్చుంటే నీకే తెలుస్తుంది, ఎవరి మాట మిగతావాళ్ళు వింటున్నారో.

ప్రశ్న: అమ్మా, మాది కనిగిరి దగ్గర పల్లె. మా ఆయన బెంగళూరులో సెంట్రింగ్ పని. నేనూ పిల్లలూ ఇక్కడే. ఆయన అక్కడ బియ్యం తీసుకుంటే ఇక్కడ మా కార్డు పోతుందా? – ఒక సోదరి

జవాబు: పోదు తల్లీ. ఒకే కార్డు మీద ఆయన భాగం అక్కడ, మీ భాగం ఇక్కడ తీసుకోవచ్చు. ముందే మాట్లాడుకోండి, ఎవరెన్ని కిలోలు అని. ఆ నెల ఆయన మొత్తం గీసేస్తే మీకు మిగలదు. మీ బియ్యం కార్డు కేంద్రం లెక్కలోదా, రాష్ట్రం సొంతంగా ఇచ్చిందా అని సచివాలయంలో అడగండి, మొదటిదైతేనే బెంగళూరులో పని చేస్తుంది. అక్కడివాళ్ళకి కర్ణాటక అదనంగా ఇచ్చేది ఆయనకి రాదు. కేంద్రం వాటా వస్తుంది. ఇంకొకటి, ఆయన్ని ఒక పుస్తకంలో రోజుకో గీత గీసుకోమనండి. పైన అబ్బాయికి చెప్పిన ఎర్రట్ట పుస్తకం మనవాళ్ళు బయటికెళ్ళినప్పుడు మరీ అవసరం. బయటి ఊళ్ళో మీ ఆయన కూడా ఒడియా కుర్రాడి లాంటివాడే.

ప్రశ్న: ఇందుకూరుపేట దగ్గర మాకు ఎనిమిదెకరాల మాగాణి. ఎడగారు పంట వరి నాట్లకి బెంగాలు ముఠా వస్తోంది. మోటారు షెడ్డులో ఉంచుతున్నాం. ఇంకేమైనా చేయాలా? – రైతు

జవాబు: అయ్యా, అడిగినందుకే మీకు దండం. మోటారు షెడ్డులో కరెంటు తీగలు పైకి కట్టించండి, తడి బట్టలు వాటి మీదే ఆరేస్తారు. రాత్రికి లైటు, దగ్గర్లో ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి ఎవరిదో వాళ్ళకి చెప్పి ఉంచండి. పాము కరిస్తే కట్లు, మంత్రాలు లేకుండా తిన్నగా ఆసుపత్రికే. డబ్బు ముఠా పెద్ద చేతికి ఇచ్చేటప్పుడు అందరినీ పిలిచి, అందరి ముందూ ఎకరాకి ఎంతో పైకి చెప్పి ఇవ్వండి. పేర్లు, ఇంటి ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి మీ ఇంట్లో గోడకి అంటించండి. ముఠాలో ఆడవాళ్ళుంటే మీ ఇంటి స్నానాల గది వాడుకోమని మీ ఇంటావిడ చేత చెప్పించండి, మీరు చెప్తే రారు.